పొగాకు పార్సిల్‌కి మిలిటరీ ఐడీ ఫోటో పంపారు, వయసు రుజువుగా తీసుకోవచ్చా?

కిలీన్_కొట్టు | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది టెక్సాస్‌లో కిలీన్ దగ్గర చిన్న సిగార్, పైపు పొగాకు షాపు. ఫోర్ట్ హుడ్ ఆర్మీ బేస్ గేటుకి పది నిమిషాలు. 2023లో దాని పేరు ఫోర్ట్ కవాజోస్ అని మార్చారు, 2025లో మళ్లీ ఫోర్ట్ హుడ్ అన్నారు. మా బోర్డు మీద మేం ఏమీ మార్చలేదు, పెయింట్ డబ్బులు మిగిలాయి.

ఆరు నెలల కిందట వెబ్‌సైట్ పెట్టి పార్సిళ్లు మొదలుపెట్టాం. సిగరెట్లు లేవు, నమిలే పొగాకు లేదు, వేప్‌లు లేవు. సిగార్లు, డబ్బాల్లో వచ్చే పైపు పొగాకు, మొక్కజొన్న బెండు పైపులు, అంతే. కస్టమర్ పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ ఇస్తే ఒక సర్వీసు ఆ వివరాలు సరిచూసి పాసో ఫెయిలో చెబుతుంది. ఫెయిలైతే ఐడీ ఫోటో అడుగుతాం. ఇన్నాళ్లూ బండి నడిచింది.

ఈ వారం రెండు ఆర్డర్లు ఇరుక్కున్నాయి. ఒకాయన సార్జెంట్, 34 ఏళ్లు, కొరియాలో క్యాంప్ హంఫ్రీస్‌లో ఉన్నాడు. అడ్రస్ చివర "ఏపీఓ, ఏపీ" అని ఉంది. ఆర్మీ పోస్టల్ అడ్రస్‌లో ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, పసిఫిక్ వైపు బలగాలట. మా నాన్నకి ఫోన్లో చెబితే "అయితే మన జంగారెడ్డిగూడేనికి కూడా పంపుతావా?" అని ఒకటే నవ్వు. ఆయన ఊళ్లో ఇప్పటికీ పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రెండు కాలుస్తున్నాడు లెండి. సార్జెంట్ వివరాలు సర్వీసులో ఫెయిల్. ఫోటో అడిగితే మిలిటరీ కార్డు రెండు వైపులా తీసి పంపాడు.

రెండోవాడు ఇక్కడి కుర్రాడే, 19 ఏళ్లు. వాడూ అదే కార్డు ఫోటో పంపి, "టెక్సాస్ చట్టంలో మిలిటరీ వాళ్లకి 18 చాలు, చూసుకోండి" అని రాశాడు. చూశాను, నిజంగానే అలా ఉంది!

ఈ కార్డు తీసుకోవచ్చా? రెండు పార్సిళ్లూ కౌంటర్ కింద పెట్టుకుని కూర్చున్నా.

డల్లాస్_సుబ్బు | శుక్రవారం రాత్రి 10:05

19 ఏళ్లవాడికి వద్దు. ఆ మాట ఇక్కడితో కట్.

నాది గ్యాస్ స్టేషన్, పదిహేనేళ్ల నుంచి. నువ్వు చూసిన చట్టం 2019 నాటిది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో పొగాకు వయసు 21 చేశారు, మిలిటరీ కార్డు చూపిస్తే 18 అన్నారు. 2001 ఆగస్టు 31లోపు పుట్టినవాళ్లకి కూడా వదిలేశారు. దాంతో కౌంటర్లో మా కుర్రాళ్లకి మూడు లెక్కలు. స్టిక్కర్ కొట్టించి రిజిస్టర్ పక్కన అంటించా. ఇంకా నాలుగు నెలలు కూడా కాలేదు, డిసెంబర్ 20న ఫెడరల్ చట్టం వచ్చి దేశమంతా 21 అంది. మిలిటరీ లేదు, గిలిటరీ లేదు. మినహాయింపులే లేవని పొగాకు మీద పెత్తనం ఉన్న ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు రాసి మరీ పెట్టారు. బ్లేడుతో గీకి ఆ స్టిక్కర్ తీశా. జిగురు మచ్చ ఇప్పటికీ ఉంది, కావాలంటే వచ్చి చూడు.

వరంగల్_వాసు | శుక్రవారం రాత్రి 10:21

నాకు ఒకటి అర్థం కాదు. 18కి తుపాకీ చేతికిచ్చి యుద్ధానికి పంపొచ్చు. 19కి ఒక పైపు కాల్చుకుంటానంటే మాత్రం చిన్నపిల్లాడు. ఇదెక్కడి లెక్క?

డల్లాస్_సుబ్బు | శుక్రవారం రాత్రి 10:24

లెక్క నాకూ నచ్చదు వాసూ. కానీ ఫైన్ నీ పేరు మీద రాదు, నా పేరు మీద వస్తుంది.

రూల్‌బుక్_రమ | శుక్రవారం రాత్రి 11:12

నేను లాయర్ని కాదు, ఒక కంపెనీలో కంప్లయన్స్ చూస్తాను. పొగాకు కంపెనీ కాదు, కానీ చట్టాలు చదవడమే నా ఉద్యోగం. కిలీన్ గారూ, మీరు రెండు ప్రశ్నల్ని కలిపేశారు. వయసు ఎంత ఉండాలి అన్నది ఒకటి. ఆ వయసు ఏ కాగితంతో తేలాలి అన్నది ఇంకొకటి. 2019లో టెక్సాస్ మినహాయింపు వల్ల మిలిటరీ కార్డు రెండు పనులూ చేసింది. నీ వయసూ చెప్పింది, నీకు 18 చాలనీ చెప్పింది. ఇప్పుడు రెండో పని పోయింది. రాష్ట్రం మినహాయింపు ఇచ్చినా అమ్మేవాడికి ఫెడరల్ చట్టం ఎలాగూ వర్తిస్తుంది. టెక్సాస్ ఒక్కటే కాదు, కాలిఫోర్నియా 2016 జూన్‌లో 21 చేసినప్పుడు డ్యూటీలో ఉన్న సైనికులకి 18కే వదిలింది. వర్జీనియా 2019లో అదే చేసింది. హవాయి మాత్రం 2016 జనవరి 1 నుంచి ఎవరికీ వదల్లేదు. అక్కడి సైనిక స్థావరాల్లో కూడా 21నే పాటించారు.

ఆ టెక్సాస్ చట్టంలో ఇంకో చిన్న మాట ఉంది, చూడండి. కొనేటప్పుడు కార్డు "చూపించిన" వాళ్లకి అని రాశారు. పంపినవాళ్లకి అని కాదు.

ఇక పార్సిళ్ల సంగతి. 2010 మార్చి 31న సంతకమై జూన్ 29 నుంచి అమల్లోకి వచ్చిన ప్యాక్ట్ చట్టం ఒకటుంది. సిగరెట్లు, చుట్టుకునే పొగాకు, నోట్లో పెట్టుకునే పొగాకు, వీటిని పోస్టులో పంపకుండా ఆపింది. కొరియర్‌లో పంపినా ముందు డేటాబేస్‌లో వయసు చూడాలి, డెలివరీ దగ్గర పెద్దవాళ్ల సంతకం, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో ఐడీ ఉండాలి, పార్సిల్ 10 పౌండ్లు దాటకూడదు. 2020 డిసెంబర్‌లో వేప్‌లను కూడా ఇందులో కలిపారు. మీరు అమ్మే సిగార్లు, పైపు పొగాకు ఆ చట్టంలోకి రావు. అందుకే మీరు పోస్టాఫీసుకి వెళ్లగలుగుతున్నారు. కానీ 21 ఏళ్ల నిబంధన అన్ని పొగాకులకీ ఉంది, పైపుకీ సిగార్‌కీ కూడా. ఈ రెండూ కలిపి చదువుకోండి, సగం గందరగోళం పోతుంది.

కిలీన్_కొట్టు | శుక్రవారం రాత్రి 11:30

రమ గారూ, థాంక్స్ అండీ. 19 ఏళ్ల అబ్బాయి ఆర్డర్ క్యాన్సిల్ చేసి డబ్బులు వెనక్కి వేసేశా. సార్జెంట్ గారి వయసు గురించి డౌటే లేదు, ఆ బట్టతల చూస్తే తెలుస్తోంది. ఆయన కార్డు ఫోటో ప్రింట్ తీసి ఫైల్లో పెట్టా. ఇక పంపేయొచ్చుగా?

మావ్‌ని_మహేష్ | శనివారం ఉదయం 6:15

అన్నా, ఆ ప్రింట్ ముందు ష్రెడ్డర్‌లో వెయ్యి. తర్వాత మాట్లాడుకుందాం.

భాషలు వచ్చిన విదేశీయుల్ని ఆర్మీలో చేర్చుకునే మావ్‌ని ప్రోగ్రాం ఉండేది, నేను హిందీ మీద అందులో చేరినవాణ్ని. ఎనిమిదేళ్లు చేసి బయటికొచ్చా. మొదటి వారంలోనే మాకు చెప్పిన విషయం, ఈ కార్డు నకళ్లు తీయనివ్వకూడదని. ఫెడరల్ క్రిమినల్ కోడ్ 18వ టైటిల్‌లో 701 సెక్షన్ అని ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల గుర్తింపు కార్డుల్ని అనుమతి లేకుండా తయారుచేసినా, ఫోటో తీసినా, అచ్చు వేసినా ఫైన్, ఆరు నెలల దాకా జైలు. వైద్యం, చెక్కు మార్చుకోవడం, ఓటు, పన్ను, మిలిటరీ వాళ్లకి రావాల్సిన సౌకర్యాలు, ఇలాంటి వాటికి నకలు తీసుకోవచ్చని రక్షణ శాఖ నిబంధనల్లో ఉంది. ఆ లిస్టులో పైపు పొగాకు లేదు.

మా యూనిట్‌లో ఒకడు జిమ్‌లో మిలిటరీ డిస్కౌంట్ కోసం కార్డు కాపీ ఇచ్చొచ్చాడు. మా ఫస్ట్ సార్జెంట్‌కి తెలిసింది. వాణ్ని వెంటనే జిమ్‌కి పరిగెత్తించి ఆ కాగితం వెనక్కి తెప్పించాడు. జైలుకి పంపుతారని కాదు. కానీ కార్డు అంటే అంత పట్టింపు.

నువ్వు కౌంటర్లో ఉన్నావు, నేను కార్డు తీసి చూపించా, నువ్వు చూసి తిరిగిచ్చావు. అది నిక్షేపంలా చెల్లుతుంది. కానీ ఫోటో పంపమని వెబ్‌సైట్లో అడగొద్దు. మీ ఫామ్‌లో "డ్రైవింగ్ లైసెన్స్ / పాస్‌పోర్ట్ / మిలిటరీ ఐడీ అప్‌లోడ్ చేయండి" అని ఉంటే ఆ మూడోది ఇవాళే తీసెయ్.

కిలీన్_కొట్టు | శనివారం ఉదయం 7:02

అయ్య బాబోయ్. సరిగ్గా ఆ మూడే ఉన్నాయి, అదే వరుసలో. ఇంకో సైట్ చూసి రాసుకున్నా. రాత్రి నుంచి ఒకటే టెన్షన్ అనుకుంటే ఇప్పుడు ఇంకా పెరిగింది. ప్రింట్ చింపేశా. ఈమెయిల్ డిలీట్ చేశా, ట్రాష్ ఖాళీ చేశా. ఫోన్ గ్యాలరీలో ఉంది, అదీ తీశా. తర్వాత మా ఆవిడ ట్యాబ్‌లో కూడా కనిపించింది, ఫోటోలు ఆటోమేటిక్‌గా అందులోకి ఎక్కేస్తున్నాయి! మా పాప బర్త్‌డే ఫోటోల మధ్యలో సార్జెంట్ గారు.

డల్లాస్_సుబ్బు | శనివారం ఉదయం 7:30

మహేష్ తమ్ముడూ, ఇది నాకూ తెలీదు. నేనెప్పుడూ కాపీ అడగలేదు గానీ కౌంటర్లో ఒక ఇబ్బంది ఉంది. ఆ కార్డు ముందువైపు పుట్టిన తేదీ ఉండదు. ఫోటో, పేరు, ర్యాంకు, ఎక్స్‌పైరీ డేట్, అంతే. కొత్త కుర్రాళ్లు ఆ ఎక్స్‌పైరీ డేట్ చూసి లెక్కలు వేస్తారు. ఒకసారి మా కుర్రాడు ఒకామెకి "మేడమ్, మీరు ఇంకా పుట్టలేదు" అన్నాడు, కార్డు మీద రెండేళ్ల తర్వాతి తేదీ ఉందని. మా స్కానర్ కూడా దాన్ని చదవదు, లైసెన్సుల్నే చదువుతుంది.

రూల్‌బుక్_రమ | శనివారం ఉదయం 8:10

సుబ్బు గారూ, ఇది నవ్వి వదిలేసే పాయింట్ కాదు. కౌంటర్లో చూడాల్సిన ఐడీ గురించి ఫెడరల్ నిబంధన చాలా సూటిగా ఉంది. ఫోటో ఉండాలి, పుట్టిన తేదీ ఉండాలి. 2024 సెప్టెంబర్ 30 నుంచి 30 ఏళ్లలోపు వాళ్లందరికీ ఐడీ చూడాలి, అంతకుముందు 27లోపు అనేవారు. కాబట్టి ఎవరైనా మిలిటరీ కార్డు ఇస్తే తిప్పి చూడండి. పుట్టిన తేదీ మీకు కనిపించకపోతే ఆ కార్డు ఆ పనికి చాలదు, ఇంకో ఐడీ అడగండి. సైన్యం మీద గౌరవం వేరు, కార్డు మీద తేదీ వేరు.

మరో సంగతి. సైనికుల భార్యలకి, పిల్లలకి కూడా మిలిటరీ ఐడీలు ఇస్తారు. 2019లో మినహాయింపు నడిచిన ఆ నాలుగు నెలల్లో సార్జెంట్ గారి 18 ఏళ్ల అబ్బాయి కార్డు చూసి మిలిటరీ అనుకుని అమ్మినవాళ్లు ఉండే ఉంటారు. ఆ కార్డు వాడి నాన్న ఉద్యోగం గురించి చెబుతుంది, వాడి గురించి కాదు.

బెజవాడ_బుల్లోడు | శనివారం ఉదయం 9:44 (ఇండియాలో రాత్రి)

అమెరికా చట్టాలు నాకు తెలీవు గానీ, "మిలిటరీ ఐడీ ఫోటో" అని టైటిల్ చూడగానే ఒళ్లు మండి లోపలికొచ్చా.

పాత బండి కొందామని ఒక పాత సామాన్ల సైట్లో చూస్తే యాక్టివా, 22 వేలు, బండి అద్దంలా ఉంది. ఫోన్ చేస్తే హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆర్మీలో ఉన్నాను, వైజాగ్ నుంచి జమ్మూ ట్రాన్స్‌ఫర్ అయింది, అందుకే చవగ్గా ఇస్తున్నా అన్నాడు. నమ్మకం కోసం అని ఐడీ కార్డు ఫోటో, క్యాంటీన్ కార్డు ఫోటో, యూనిఫాంలో సెల్ఫీ పంపాడు. ఆర్మీ పార్సిల్‌లో వస్తుంది, ముందు రవాణా ఖర్చు 5,100 అన్నాడు. వేశా. తర్వాత జీఎస్టీ అన్నాడు, వేశా. తర్వాత గేట్ పాస్ అన్నాడు. మొత్తం 13 వేలు పోయాక మా బావ సైబర్ పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడి కానిస్టేబుల్ ఫోటో చూడకుండానే "ఆర్మీ కార్డేనా?" అన్నాడు. డ్రాయర్లోంచి ఒక ప్రింట్ తీసి చూపించాడు. అదే కార్డు, అదే ముఖం, పేరు మాత్రం వేరు.

ఆ ముఖం ఎవరిదో నిజమైన జవానుది అయ్యుంటుంది. ఎక్కడో ఎవరో అడిగితే ఫోటో పంపి ఉంటాడు. ఇప్పుడు ఆయన ముఖంతో ఊరూరా బళ్లు అమ్ముతున్నారు.

కిలీన్ అన్నా, నీ సార్జెంట్ నిజమైనవాడే కావచ్చు. నీకెలా తెలుసు?

వరంగల్_వాసు | శనివారం ఉదయం 9:58

13 వేలు 😬 బుల్లోడు బ్రో, "గేట్ పాస్" దగ్గరైనా ఆగావు, మా కొలీగ్ దాని తర్వాత ఇంకో రెండు కట్టాడు.

మారేడ్‌పల్లి_హవల్దార్ | శనివారం ఉదయం 10:20

సికింద్రాబాద్ నుంచి. ఇండియన్ ఆర్మీలో 17 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా దగ్గరా అంతే. ఐ-కార్డు జిరాక్స్ తీయనిచ్చేవాళ్లు కాదు. పోతే పెద్ద గొడవ. నేను సెలవుకి ఊరెళ్లినప్పుడు కార్డు బనియన్ జేబులో పెట్టుకుని పడుకునేవాణ్ని, మా అమ్మ ఆ జేబు ప్రత్యేకంగా కుట్టింది. ఇప్పుడు పిల్లలు వాట్సాప్ డీపీగా పెడుతున్నారు. ఏం చెప్పాలి!

కిలీన్_కొట్టు | శనివారం ఉదయం 10:45

బుల్లోడు గారు అడిగింది రైటే. నాకెలా తెలుసు? బట్టతల తప్ప ఏమీ తెలీదు. మరి సార్జెంట్‌కి ఎలా పంపాలి? ఆయన అసలు కస్టమర్ అయితే కొరియాలో కూర్చుని పాపం ఏం చేస్తాడు? సర్వీసులో ఎందుకు ఫెయిలయ్యాడో కూడా వాళ్లు చెప్పరు.

పైపు_ప్రసాదు | శనివారం మధ్యాహ్నం 12:30

ఒహాయో నుంచి. ఇరవై ఏళ్లుగా పైపు కాలుస్తున్నా, నా పొగాకంతా పోస్టులోనే వస్తుంది. మా ఊళ్లో పైపు పొగాకు అమ్మే కొట్టు ఒకటే ఉండేది, అదీ మూసేశారు. మా వాళ్లందరిదీ ఇదే కథ. సిగరెట్ వాళ్లకి సందు సందుకీ దొరుకుతుంది, మాకు పార్సిలే గతి. కాబట్టి అమ్మేవాళ్లు వయసు ఎలా చూస్తారో కొనేవాడి వైపు నుంచి నాకు తెలుసు.

ఆ సర్వీసులు చేసేది పబ్లిక్ రికార్డులు, క్రెడిట్ రికార్డులతో పేరు, తేదీ, అడ్రస్ కలుస్తున్నాయా అని చూడటం. సైనికుల విషయంలో అక్కడే తేడా కొడుతుంది. రెండేళ్లకో అడ్రస్, బ్యారక్స్ అడ్రస్, ఏపీఓ అడ్రస్. వీటిలో ఏదీ రికార్డుల్లోకి సరిగా ఎక్కదు. మా బావమరిది నేవీలో ఉన్నప్పుడు ఇదే గొడవ. చివరికి ఒక షాపతను ఫోన్ చేసి "బిల్లింగ్ అడ్రస్‌లో మీ అమ్మానాన్నల ఇంటి అడ్రస్ పెట్టండి, డెలివరీ అడ్రస్ వేరేగా పెట్టండి" అన్నాడు. వెంటనే పాస్. లైసెన్స్, బ్యాంకు, ఓటు అన్నీ ఆ ఇంటి అడ్రస్ మీదే ఉన్నాయి మరి.

సార్జెంట్ గారిని సొంతూరి అడ్రస్ అడగండి. అప్పటికీ కాకపోతే డ్రైవింగ్ లైసెన్స్ లేదా మామూలు పాస్‌పోర్ట్ ఫోటో అడగండి, నంబర్ మీద కాగితం ముక్క పెట్టి తీయమనండి. ఫోటో, పేరు, పుట్టిన తేదీ కనిపిస్తే చాలు.

పనిలో పని, పైపు పొగాకు ప్యాక్ట్ చట్టం బయట ఉంది కదా అని దాన్ని సిగరెట్ చుట్టుకునేవాళ్లకి అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లతో జాగ్రత్త. 2009 ఏప్రిల్ 1న పన్ను మార్చినప్పుడు చుట్టుకునే పొగాకు మీద పౌండుకి 24.78 డాలర్లు వేశారు, పైపు పొగాకు మీద 2.83. రాత్రికి రాత్రి పొగాకు అదే, సంచీ మీద పేరు మాత్రం "పైపు" అయింది. అలాంటి పెద్ద సంచీలు నువ్వు పోస్టులో వేస్తే మాత్రం ఎవడో ఒకడు అడుగుతాడు. డబ్బాల్లో వచ్చే అసలు సరుకు అమ్ముకో, నిద్ర పడుతుంది.

నేవీ_అమ్మ | శనివారం మధ్యాహ్నం 2:05

నేను ఈ గ్రూపులో ఎక్కువగా రాయను. నాకు షాపు లేదు. మా అబ్బాయి పోయినేడాది నేవీలో చేరాడు, 19. హ్యూస్టన్‌లో పుట్టాడు, తెలుగు వచ్చీరానట్టు మాట్లాడతాడు.

బూట్ క్యాంప్ నుంచి వచ్చినప్పుడు వాడి బట్టలు ఉతుకుతుంటే జేబులో చిన్న గుండ్రటి డబ్బా దొరికింది. నోట్లో పెట్టుకునేది. "ఎవరిచ్చార్రా?" అంటే "అందరి దగ్గరా ఉంటుందమ్మా" అన్నాడు. మా మావయ్య గుంటూరులో గొంతు క్యాన్సర్‌తో పోయారు, చివరి మూడు నెలలు నేనే చూసుకున్నా.

వాసు గారు తుపాకీ ఇవ్వొచ్చు, పైపు ఇవ్వకూడదా అన్నారు. వాడు సంతకం పెట్టిన రోజు నేనూ దాదాపు అదే అడిగాను, కాకపోతే తిప్పి అడిగాను. మీరు కౌంటర్లో కార్డు వెనక్కి ఇచ్చేస్తే వాడికి కోపం వస్తుంది. రానివ్వండి.

వరంగల్_వాసు | శనివారం మధ్యాహ్నం 2:40

అక్కా, నేను అన్నది పొగాకు మంచిదని కాదు. సైన్యమే వీళ్లకి అలవాటు చేసింది అన్న కోపం. రెండో ప్రపంచ యుద్ధంలో తిండి పొట్లంలోనే సిగరెట్లు పెట్టి ఇచ్చారు. 1975 దాకా రేషన్‌లో ఉండేవి. తాతకి ఫ్రీగా ఇచ్చి, మనవడిని ఐడీ చూపించమంటున్నారు. అది తిక్క పుట్టిస్తుంది. అయినా మీ మాట విన్నాక ఈ వాదన ఇక్కడ పెంచను.

మావ్‌ని_మహేష్ | శనివారం మధ్యాహ్నం 3:15

అక్కా, నేనూ ఆ డబ్బా మోసినవాణ్నే. రాత్రి కాపలాలో నిద్ర ఆగడానికి అని మొదలవుతుంది. వదలడానికి నాకు మూడేళ్లు పట్టింది. అబ్బాయితో మాట్లాడాలంటే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, నేను వాడితో ఉపన్యాసం లేకుండా మాట్లాడతా.

డల్లాస్_సుబ్బు | శనివారం సాయంత్రం 4:00

కిలీన్, ఒక ప్రాక్టికల్ ముక్క. ఐడీ ఫోటోల మీద ఆధారపడకుండా పార్సిల్‌కి "అడల్ట్ సిగ్నేచర్" పెట్టు. పోస్టాఫీసులో ఆ సర్వీసు ఉంది, 21 దాటినవాళ్లు ఐడీ చూపించి సంతకం పెడితేనే ఇస్తారు. అక్కడ తలుపు దగ్గర మిలిటరీ కార్డు చూపించుకోనీ, ఎవరికీ ఇబ్బంది లేదు. చూశారు, ఇచ్చారు, అయిపోయింది. ఫెడెక్స్ దగ్గరికి వెళ్లకు, వాళ్లు పొగాకు తీసుకోరు.

పైపు_ప్రసాదు | శనివారం సాయంత్రం 4:22

సుబ్బు గారూ, టెక్సాస్ లోపల, మిగతా రాష్ట్రాలకి అది సరే. కొరియాకి చెల్లదు. ఏపీఓ అడ్రస్‌లకి ఆ సర్వీసు ఉండదు. పైగా ఏపీఓల్లో ఒక్కో జిప్ కోడ్‌కి ఒక్కో ఆంక్షల పట్టిక ఉంటుంది, కొన్నిచోట్లకి పొగాకు అసలు వెళ్లదు. పోస్టల్ బులెటిన్‌లో ఆ జిప్ చూసుకుని అప్పుడు పార్సిల్ కట్టాలి.

కిలీన్_కొట్టు | సోమవారం రాత్రి 8:50

అప్‌డేట్.

సార్జెంట్ గారికి మెయిల్ పెట్టా. మీ కార్డు ఫోటో అడగడం నాదే తప్పు, తీసేశాను, సొంతూరి అడ్రస్ ఇవ్వండి అని. ఇండియానాలో వాళ్ల నాన్నగారి ఇంటి అడ్రస్ ఇచ్చాడు. సర్వీసులో కొట్టగానే పచ్చ టిక్కు. ప్రసాదు గారూ, మీకు ఒక డబ్బా బాకీ.

ఇవాళ పొద్దున పోస్టాఫీసుకి వెళ్లా. కౌంటర్లో ఆవిడ అదే చెప్పింది, ఏపీఓకి అడల్ట్ సిగ్నేచర్ లేదు. జిప్ కోడ్ కొట్టి ఆంక్షల పట్టిక స్క్రీన్ నా వైపు తిప్పింది. వరుసలు వరుసలు, ఇంగ్లిష్ అక్షరాలు, నంబర్లు. చదివి చదివి చివరికి పార్సిల్ తిరిగి బ్యాగులో పెట్టుకుని వచ్చేశా. పంపకూడదని కాదు. తీసుకునేవాడి చేతిలో కార్డు ఎవరూ చూడని చోటికి పొగాకు పంపడం నావల్ల కాలేదు. సార్జెంట్‌కి చెబితే "జనవరిలో సెలవుకి ఇండియానా వస్తా, అక్కడికి పంపు, సంతకం నేనే పెడతా" అన్నాడు. చాలా మర్యాదస్తుడు.

19 ఏళ్ల అబ్బాయి మాత్రం మాకు ఒక స్టార్ రేటింగ్ ఇచ్చాడు. "సైనికుల్ని గౌరవించని షాపు" అని రాశాడు. కింద జవాబు రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేశా. శనివారం వాడే షాపుకొచ్చి అరగంట నిలబడి పైపులన్నీ తిప్పి తిప్పి చూశాడు. మిస్సోరీలో 1869 నుంచి చేస్తున్న ఆ బెండు పైపుల కథ చెప్పా, శ్రద్ధగా విన్నాడు. పొగాకు అడగలేదు, నేనూ ఇవ్వలేదు. వెళ్తూ వెళ్తూ తన బర్త్‌డే ఫిబ్రవరిలో అని చెప్పాడు. ఇంకా ఒక ఏడాది పైమాటే అని మనసులో లెక్కేసుకున్నా.

వెబ్‌సైట్ ఫామ్‌లో మిలిటరీ ఐడీ తీసేశా. దాని బదులు "మిలిటరీ ఐడీని షాపులో చూపించండి, ఫోటో పంపవద్దు" అని పెట్టా.

రూల్‌బుక్_రమ | సోమవారం రాత్రి 9:15

ఆ వాక్యం బావుంది. పాత మెయిళ్లలో ఇంకెవరివైనా కార్డులు ఉన్నాయేమో ఒకసారి వెతకండి. ఆరు నెలలంటున్నారు కదా.

కిలీన్_కొట్టు | సోమవారం రాత్రి 9:52

ఏడు ఉన్నాయి. అన్నీ తీసేశా. ఒకటి మాత్రం మిలిటరీది కాదు, లైబ్రరీ కార్డు.

ఆస్టిన్_అజయ్ | మంగళవారం ఉదయం 10:08

హాయ్ ఫ్రెండ్స్, ఇప్పుడే ఈ టాపిక్ చూశా, పైన అంతా చదివే టైం లేదు. మాది కూడా హుక్కా షాపు. ఒక కస్టమర్ మిలిటరీ ఐడీ పంపాడు, ఇది అసలుదా నకిలీదా కొంచెం చూసి చెప్పండి. ఫోటో కింద పెడుతున్నా.

[ఫోటో తొలగించబడింది]

మోడరేటర్ | మంగళవారం ఉదయం 10:11

అజయ్ గారూ, ఫోటో తీసేశాను. దయచేసి పైన చదవండి, టైం చేసుకుని.